‘టెస్టు ఏదీ?’ అనిపించుకున్న మాస్టారు

హలో... నమస్కారమండీ. అందరికీ వినబడుతోందా? హాలు వెనక వరుసలో కూర్చున్నవాళ్ళకీ, ఇంట్లో కూర్చుని ఈ సంచిక తిరగేస్తున్నవాళ్ళకీ, ఎక్కడెక్కడి నుంచో మన లైబ్రరీకి దిద్దుబాట్లు పంపుతూ ఒక్కసారి కూడా ముఖాలు చూపించని మిత్రులకీ కలిపే అడుగుతున్నాను. వినబడిందని ఒక్కరు తలూపితే మొదలుపెట్టేస్తాను. ఎందుకంటే ఇవాళ మనం సన్మానించుకుంటున్న పెద్దమనిషి ఇన్నేళ్ళూ పట్టుబట్టింది ఆ తలూపు కోసమే.

మన ప్లగ్గు మాస్టారు ఈ కార్యాలయంలో చేరినది 1994 జూలై పదకొండో తేదీ, సోమవారం ఉదయం. అప్పట్లో మన విభాగమంతా సైకిల్ స్టాండు వైపు కిటికీ ఉన్న ఒకే ఒక్క గది. రెండు కంప్యూటర్లు, అయిదుగురు మనుషులు, ఎండాకాలంలో మనుషుల కన్నా కంప్యూటర్ల వైపే ఎక్కువగా తిరిగే ఒక ఫ్యాను. ఆయనకు అప్పగించిన పని, తోటివారు రాసిన ప్రోగ్రాములను పరీక్షించడం. చేరిన వారంలోనే, ఒక కంప్యూటరు నుంచి రెండోదానికి కబుర్లు ఎంత చక్కగా వెళ్తున్నాయో సీనియర్లు గర్వంగా చూపిస్తుండగా, కొత్తగా వచ్చిన ఈయన మాటా పలుకూ లేకుండా బల్ల కిందికి దూరి, రెంటినీ కలిపే వైరు ప్లగ్గు పీకేశారు. తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది.

“ఏంటయ్యా ఇది? వైరు పీకితే ఎలా పని చేస్తుంది?” అని సీనియరు కసిరారు.

“బయట ఎవరూ పీకరాండీ? ఊడ్చేటప్పుడు చీపురు తగలదా? ఎలుకలు కొరకవా?” అని మాస్టారు బల్ల కింద నుంచే అడిగారు.

ఆ సాయంత్రానికి ఆయనకు పేరు స్థిరపడిపోయింది. కన్నవారు పెట్టిన పేరు జీతం పత్రాల్లో మిగిలింది, ప్లగ్గు మాస్టారన్న పేరు జనం నోట నిలిచింది.

అలా పీకి, పెట్టి, మళ్ళీ పీకి చూసిన అనుభవంలోంచే మన లైబ్రరీ పుట్టింది. ఇంటి నుంచి వచ్చిన పెద్దల కోసం ఒక్క మాట. మేము లైబ్రరీ అంటున్నది వేరే ప్రోగ్రాములు సిద్ధంగా తీసుకుని వాడుకునే కోడును. ఒక యంత్రం చెప్పిన కబురును ఇంకో యంత్రానికి భద్రంగా చేర్చడం దీని పని. తొలి రూపానికి నాలుగేళ్ళు పట్టింది. తర్వాత దాన్ని ఓపెన్ సోర్స్ చేద్దామని, అంటే ఎవరైనా చదివి, వాడుకుని, తప్పుంటే దిద్ది పంపేలా అందరి ముందూ పెట్టేద్దామని ప్రతిపాదించినవారూ మాస్టారే. “మన కోడు పరాయివాళ్ళు చూస్తే పరువుంటుందా?” అని కొందరు జంకారు. “చూడకపోతేనే ఉండదు” అని ఆయన నవ్వేశారు. నేడు ఆసుపత్రుల్లోనూ, బస్సు డిపోల్లోనూ, నీటి పంపుల దగ్గరా ఈ లైబ్రరీ నిశ్శబ్దంగా కబుర్లు మోస్తున్నదంటే, ఆనాటి ఆ నవ్వుకు మనమందరం రుణపడి ఉన్నాం.

తలుపులు తెరిచారు కదా అని ఎవరు ఏది పంపినా లోపలికి రానిచ్చారనుకోకండి. దిద్దుబాటు ఎంత చిన్నదైనా, పంపినవారు ఎంతటివారైనా, అది పని చేస్తుందని రుజువు చేసే టెస్టు జతచేసి ఉండాలి. లేకపోతే మాస్టారి నుంచి వచ్చే జవాబు ఒక్కటే, “టెస్టు ఏదీ?” ఇందులో కోపం లేదు, వ్యంగ్యం లేదు, నమస్కారం కూడా లేదు. “ఇంత చిన్నదానికా సార్?” అని ఎంతమంది గింజుకున్నారో! స్వయానా మేనేజరు గారు పంపిన దిద్దుబాటు కూడా ఇదే మాటతో తిరిగొచ్చింది. ఆ రోజు ఆయన భోజనాల గదిలో మాస్టారికి ఎదురుగా కాక పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. మర్నాడు టెస్టు రాసి పంపి, మళ్ళీ ఎదురుగానే కూర్చున్నారు. మాస్టారి దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు, ఎవరితోనూ ఆయనకు చెడేదీ కాదు.

ఇంతటి మనిషి ఇంట్లో ఎలా ఉంటారో ఆయన శ్రీమతి, మందుల దుకాణం నడిపే మా వదినగారు చెబితే వినాలి. ఒకనాడు ఆవిడ పనిమీద బయటికి వెళ్తూ, ‘తాళం చెవి పక్కింట్లో ఇచ్చాను’ అని మాస్టారి ఫోనుకు సందేశం పంపారు. మాస్టారి ఫోనులో అప్పటికే ఛార్జింగు అయిపోయింది. కబుర్లు చేరవేయడంలో తలపండిన ఈయన, తాళం చెవికి గోడ ఇవతల, సొంత ఇంటి మెట్ల మీద సాయంత్రమంతా బుద్ధిగా కూర్చున్నారు.

“పంపాను కదండీ!” అన్నారు వదినగారు వచ్చి.

“పంపావు. నాకు చేరలేదు.”

“చేరకపోతే అది నా తప్పా?”

“తప్పు కాదు. జవాబు రాలేదు కదా, ఇంకోసారి పంపాల్సింది.”

“సరిపోయింది. నేనేమన్నా మీ ఆఫీసు కంప్యూటర్నా?”

తలుపు తీశాక కాళ్ళు కడుక్కోవడం కూడా మరచి, మాస్టారు కాగితం ముందు కూర్చున్నారు. ‘చేరింది’ అని అవతలి నుంచి జవాబు వచ్చేదాకా, పంపిన కబురు తాలూకు నకలును పంపినవాడు పారేయకూడదు. నేటికీ మన లైబ్రరీకి వెన్నెముక ఈ సూత్రమే. దీన్ని మెచ్చుకుంటూ ఎక్కడి నుంచి ఉత్తరాలు వచ్చినా వదినగారు, “నన్ను అడిగితే నేనూ చెప్పేదాన్ని” అంటారు.

ఇక ఈ ఏడాది సంగతి. పదవీ విరమణ దగ్గరపడుతున్నకొద్దీ మాస్టారిని ఒకే దిగులు పట్టుకుంది. వచ్చిన దిద్దుబాట్లను లైబ్రరీలో చేర్చాలో, వెనక్కి పంపాలో తేల్చే ఆఖరి హక్కును ఎవరి చేతిలో పెట్టడం? పనితనంలో ఆయన తర్వాత చెప్పుకోవలసింది మన సరేనండి గారినే. పదేళ్ళుగా ఆయన పక్క బల్లే. లైబ్రరీలో ఆవిడకు తెలియని మూల లేదు. చిక్కల్లా ఆ పేరులోనే ఉంది. ఎవరేం అడిగినా ఆవిడ నోట మొదట వచ్చే మాట ‘సరేనండి’. సెలవు రోజున రమ్మంటే సరేనండి, కిటికీ పక్క కుర్చీ ఇచ్చేయమంటే సరేనండి.

“పని గురించి బెంగ లేదోయ్. ‘కాదు’ అనడం రాదు ఆ అమ్మాయికి. టెస్టు లేనిదాన్ని ఎవరో ఒక పెద్దమనిషి మొహమాటపెట్టి లోపలికి తోయించాడనుకో, ఎక్కడో ఆసుపత్రిలో ఒక కబురు పోతుంది. పోయిందని ఎవరికీ తెలియను కూడా తెలియదు” అని ఇంట్లో వాపోయారు.

“మీకు మాత్రం పుట్టుకతోనే వచ్చిందా ఏమిటి కాదనడం? మా అమ్మ వడ్డించినప్పుడల్లా తినలేక తినలేక తినేవారు” అన్నారు వదినగారు.

మేనేజరు గారు మాత్రం తొందరపెట్టారు. “శుక్రవారంలోగా ఎవరో ఒకరి పేరు చెప్పండి సార్. లేదంటే ప్రస్తుతానికి నా దగ్గరే ఉంచుకుంటాను.” ఆయన ఎప్పుడూ కొత్త వెర్షన్ల విడుదల తేదీల హడావుడిలో ఉండే మనిషి. ఆ హక్కు ఆయన చేతికి వెళ్తే ఏమవుతుందో మాస్టారికీ తెలుసు, పాపం, ఆయనకూ తెలుసు. అయినా మాస్టారు ఎటూ తేల్చుకోలేక నీళ్ళు నమిలారు.

ఆ బుధవారం మాస్టారు తమ చివరి దిద్దుబాటు పంపారు. అవతలి యంత్రం చచ్చిపడి ఉంటే, మన లైబ్రరీ పని ముగించడానికి చాలాసేపు తటపటాయిస్తుందని వాడుకునేవాళ్ళ నుంచి ఎప్పటినుంచో ఒక ఫిర్యాదు ఉంది. వెళ్ళేలోగా అది తీర్చేయాలని ఆయన సరదాపడ్డారు. నాలుగంటే నాలుగు వరుసలు. పని మూసేయమనగానే లైబ్రరీ టక్కున మూసేస్తుంది. ఆ కోడంతా కొట్టిన పిండి కాబట్టి, చూసి చేర్చమని సరేనండి గారికి పంపేసి, మంచినీళ్ళు తాగడానికి లేచారు.

గదిలో పండగ వాతావరణం వచ్చేసింది. మన గడ్డం, అంటే ఎప్పుడూ జోకులేసే ఆ గడ్డం ప్రోగ్రామరే, “సార్ చివరి కానుక! నొక్కేయండి సరేనండి గారూ, ఇంకా చదువుతారేంటి?” అన్నాడు. మేనేజరు గారు కూడా వచ్చి, “సన్మానం వేదిక మీదే దీన్ని ప్రకటిద్దాం, బాగుంటుంది” అన్నారు.

ఆవిడ సరేనండి అనలేదు. ఆ నాలుగు వరుసలూ మళ్ళీ మొదటి నుంచి చదివి, చున్నీ కొసతో కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుని, ఏదో టైపు చేశారు.

మాస్టారు తిరిగొచ్చి చూసుకుంటే తెర మీద రెండు మాటలు, వాటికొక తోక.

‘టెస్టు ఏదీ అండీ?’

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ‘ఇంత చిన్నదానికా?’ అని చేతులు వాటంతటవే టైపు చేసేశాయి. పంపబోతూ ఆగారు. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది కదా అనిపించింది ఆయనకు. విన్నట్టుండటమేమిటి, జీవితమంతా విన్నదే. ఒక్కో అక్షరమూ చెరిపేసి, కిక్కురుమనకుండా టెస్టు రాయడానికి కూర్చున్నారు.

కబుర్లు గుట్టగా పంపించి, సగంలో ఉండగా మూసేయమని చెప్పి, సరిగ్గా అప్పుడే వైరు పీకి, మళ్ళీ పెట్టి, అవతల ఎన్ని చేరాయో చూడటం ఆ టెస్టు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఎప్పటిలాగే తామే బల్ల కిందికి దూరి పీకారు. పైకి లేచి చూస్తే లెక్క తక్కువైంది. మళ్ళీ పీకారు. మళ్ళీ తక్కువే. మూసే తొందరలో, ‘చేరింది’ అన్న జవాబు ఇంకా రాని కబుర్లను కూడా ఆ నాలుగు వరుసలూ పారేస్తున్నాయి. తాళం చెవి నాడు తాము పెట్టిన సూత్రాన్ని తామే మీరారు.

మాస్టారు కుర్చీ ఆవిడ వైపు తిప్పారు. గదిలో అందరి చేతులూ కీబోర్డుల మీదే ఉన్నాయి గాని, చెవులన్నీ ఇటే ఉన్నాయి.

“నేను పంపాను కదమ్మా. వదిలేద్దామనిపించలేదా?”

“అనిపించిందండి. రెండుసార్లు బటను దాకా వెళ్ళాను.”

“మరి?”

“మీరు సోమవారం నుంచి ఉండరు కదండీ. మీకే చెప్పలేకపోతే ఇంకెవరికి చెప్పగలను?” అని, “కోపం వచ్చిందాండీ?” అన్నారు.

“వచ్చింది. మంచినీళ్ళ గది దాకా వెళ్ళి వద్దామనిపించేంత వచ్చింది. ఇప్పుడే తాగొచ్చాను కాబట్టి వెళ్ళలేదు. ఆ నాలుగు వరుసలూ తప్పమ్మా. రేపు సరిచేసి, టెస్టుతో సహా పంపుతాను. మళ్ళీ నువ్వే చూడు.”

“సరేనండి” అన్నారావిడ. గడ్డం ఫక్కుమన్నాడు. దాంతో గదంతా నవ్వింది.

గురువారం ఆ దిద్దుబాటు టెస్టుతో వచ్చింది, నెగ్గింది, చేరింది. ఆ మధ్యాహ్నమే, గడువుకు ఒకరోజు ముందుగా, మాస్టారు ఆఖరి హక్కును సరేనండి గారి పేరుకు మార్చి తమ పేరును అక్కడి నుంచి తీసేసుకున్నారు. ఇక మీదట ఆయనా పదిమందిలో ఒకరు. పంపితే పరీక్షకు నిలవాలి. ఇంటికెళ్ళి జరిగినదంతా చెప్పినప్పుడు వదినగారు, “అంటే నన్నన్నారు గాని, మీరు లోకం మొత్తాన్నీ మెట్ల మీద కూర్చోబెట్టబోయారన్నమాట” అన్నారట. మాస్టారు ఆ రాత్రి, ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ఒక్క దిగులూ లేని మనిషిలా గుర్రుపెట్టారు.

వారి విశ్రాంత జీవితం ఆయురారోగ్యాలతో, మోకాళ్ళ నొప్పులు లేకుండా, వదినగారి ఛలోక్తులతో నిండుగా సాగాలనీ, తీరిక దొరికినప్పుడల్లా వారి దిద్దుబాట్లు మనకు అందుతూ ఉండాలనీ, టెస్టు లేని ప్రతిసారీ అవి నిర్మొహమాటంగా తిరిగి వెళ్తూ ఉండాలనీ మనమందరం మనసారా కోరుకుందాం.

చివరగా ఒక విన్నపం. ఈ ముచ్చట మీ దాకా చేరితే దయచేసి ఇంకొకరికి చేరవేయండి. చేరిందని మాస్టారికి ఒక్క ముక్క రాయండి. మీ జవాబు వచ్చేదాకా నకలు మా దగ్గర దాచే ఉంచుతాం.