మస్కట్‌ల ఎనిమిదో మంచం

సకల జనుల సమ్మె మొదలై పదిహేను దినాలయింది. బస్సులు డిపోలనే పండుకున్నయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాల లచ్చమ్మ చాయ్ కొట్టు ముందల మాత్రం బెంచీలు ఖాళీ లేవు. చేద్దామంటే పని లేకపాయె, యాడికన్న పోదామంటే బండి లేకపాయె, ఇగ జనాలకు మిగిలింది ఇశ్రాయేలు నోరొక్కటే.

ఇశ్రాయేలు మస్కట్‌ల పదకొండేండ్లు చేసొచ్చినోడు. ఆడ ఒక పాత ఇల్లు కిరాయికి తీస్కొని ఎనిమిది మంది దోస్తులు ఒక్కతాన ఉండెటోళ్లు. మనోళ్లు ఐదుగురు, ఆంధ్రోళ్లు ముగ్గురు, ఎనిమిది ఇనుప మంచాలు, ఒకటే బాత్‌రూం. మోకాళ్లరిగి ఈయన ఇంటికొచ్చి రెండేండ్లయింది. మొదట్ల శుక్కురారం శుక్కురారం ఆ ఇంటి నుంచి ఫోనొచ్చేది. తర్వాత నెలకొకటి. ఇప్పుడు ఎనిమిది నెలల సంది ఒక్కటి లేదు, ఈయన చేస్తే తగుల్తలేదు. నన్ను మరిచిపోయిండ్రా ఏంది అని లోపట ఒకటే పరేషాన్. లోపట పరేషాన్ పెరిగిన కొద్దీ బయట ముచ్చట్లు పెరుగుతున్నయి.

"గొప్పకు చెప్తలేను, ఉన్నదే చెప్తున్న," అని షురూ చేసిండు ఆ పొద్దు. "మా ఇంట్ల శుక్కురారం వంట వంతు నాది. ఒకపారి పచ్చిపులుసు చేసిన. మామూలు పచ్చిపులుసే. ఎనిమిది మందిమి తిన్నం, మంచిగున్నదన్నరు. గంతే."

"గంతేనా?" అన్నడు సీతారాములు. ఆయన సమ్మెల ఉన్న బస్సు కండక్టరు, ఇశ్రాయేలు అక్కడితో ఆగెటోడు కాదని ఆయనకెరుకే.

"గంతే అయితే నేనెందుకు చెప్తనే? ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోపు పెట్టిన గదా, ఆ వాసన మేడ మీదికి పోయింది. మేడ మీద మలయాళపోళ్లు, గిన్నెలు పట్టుకొని దిగిండ్రు. ఆళ్లెనక పక్కింటి పాకిస్తానోళ్లు, ఆళ్లెనక ఎవలో నాకే ఎరుక లేదు, లైను కట్టిండ్రు! దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ సెంటర్లు ఇడిసినప్పుడు ఉంటరు సూడు, గంత మంది. రోడ్డు జామ్. పోలీసోడొచ్చిండు. లాఠీ పక్కకు పెట్టి, ఓ చిన్న గిన్నె ఉందా అన్నడు."

"ఒక్క గిన్నె పులుసు గంత మందికెట్ల సరిపాయెనే?" అన్నది లచ్చమ్మ.

"ఐదు రొట్టెలు ఐదువేల మందికి సరిపోలేదా? మా పాస్టరయ్యనడుగు! ఇగ ఇను. రేవుల నుంచి ఒక ఓడ అప్పుడే కదిలింది, వాసన తగిలి కప్తాను ఓడను మలిపిండు. అంత పెద్ద ఓడ, జర్మనీ పోయేది!"

బెంచీ కొసకు ఒక కొత్త మనిషి కూసున్నడు. కాళ్ల కాడ తాళ్లు కట్టిన పెద్ద అట్టపెట్టె. పొద్దున ఇమానం దిగి గుడివాడ పోవాలె, బస్సు లేదు. నవ్వుకుంట చాయ్ తాగుతుండు.

"మరి ఆంధ్రోళ్లు, మనోళ్లు ఒక్కింట్ల లొల్లి కాలేదా?" అన్నడు సీతారాములు.

"ఎందుకు కాలే? ఫ్రిజ్జును రెండు చేసినం. పై అర ఆళ్లది, కింది అర మనది. గోంగూర సీసా ఎవలిదని వారం దినాలు మాటల్లేవు. ఆఖరికి నేనే కమిటీ ఏసి, రిపోర్టు రాసి, సీసాను తలుపుకు పెట్టిచ్చిన. తలుపు ఇద్దరిదీ! అందరు ఒప్పుకున్నరు."

"ఆ రిపోర్టేదో ఢిల్లీకన్న పంపకపోయినవ్," అన్నడు సీతారాములు. అందరు పకపక నవ్విండ్రు.

నవ్వుతుంటే ఇశ్రాయేలుకు ఇంకింత ఊపొచ్చింది. "నేనొచ్చే నాడు ఎయిర్‌పోర్టుల ఏడుగురు గుండెలు బాదుకున్నరు. పైలటు దిగొచ్చి ఎవలు సచ్చిండ్రని అడిగిండు. ఇశ్రాయేలు పోతుండంటే ఆయన గూడ కూలబడ్డడు. ఇమానం మూడు గంటలు లేటు. ఇయ్యాల్టికి నా మంచం మీద ఎవ్వల్ని కూసోనిస్తలేరు, తెలుసా? వారం వారం దుప్పటి ఉతికి పరుస్తరు. తినే ముందల నా పల్లెంల బువ్వ పెట్టినంకనే ఆళ్లు తింటరు. కొత్తోడెవడన్న ఒచ్చి మంచం ఖాళీనా అంటే, ఇశ్రాయేలు ఒస్తడు పో అని తరుముతరు."

అది కోతనేనని ఆయనకూ ఎరుకే. కానీ గదొక్కటి నిజమైతే బాగుండునని పాణం కొట్టుకుంటున్నది.

కొత్త మనిషి గ్లాసు కింద పెట్టిండు. "ఇశ్రాయేలు గారంటే మీరేనాండీ? నా పేరు నాగార్జునండి. ఆ మంచం మీద ఏడాదిన్నర నుంచీ నేనే పడుకుంటున్నానండి."

బెంచీలు ఒక్కసారే గొల్లుమన్నయి. సీతారాములు చాయ్‌ని అంగి మీద ఒలకపోసుకున్నడు. "ఇశ్రాయేలూ, ఓడ గూడ ఈయనదేనేమో అడుగు!" అని ఎవడో అరిసిండు.

"మీ ఫ్రెండు సాంబమూర్తి గారి ఫోను పోయిందండి. ఆ ఇంట్లో మీ నంబరున్నది దాన్లో మాత్రమేనండి," అన్నడు నాగార్జున. "ఎల్‌బీ నగర్‌లో చాయ్ కొట్లన్నీ తిరుగు, కోతలు ఎక్కడ గట్టిగా వినబడితే అక్కడ ఆగు, ఆయనే ఇశ్రాయేలు అని సాంబమూర్తి గారు చెప్పారండి. ఇది మూడో కొట్టండి."

ఇంకో దినమైతే ఇశ్రాయేలు దీనికి కూడ ఒక జవాబు చెప్పెటోడే. "అయితే నా మంచం ఇచ్చేసిండ్రన్నట్టు," అన్నడు మెల్లగ.

"ఇచ్చారండి. కానీ అది నాది కాలేదండి. ఇశ్రాయేలు మంచం మీద తువ్వాలు ఆరేసిందెవడ్రా అంటారు. ఇశ్రాయేలు మంచం కింద ఆ చెప్పులెవరివి అంటారు. నన్ను నాగార్జునా అని ఆ ఇంట్లో ఒక్కరూ పిలవరండి. ఇశ్రాయేలు మంచం కుర్రాడు, అంతే."

ఈసారి ఎవలు నవ్వలే. లచ్చమ్మ స్టవ్ మంట తగ్గిచ్చింది.

ఇశ్రాయేలుకు ఏడుపొస్తున్నది, ఇంతమంది ముందల ఏడ్వలేక నేల సూసుకుంట కూసున్నడు. ఆఖరికి అడిగిండు: "మంచం ఎడమ దిక్కు కాలు కిర్రుమంటదని బనీను గుడ్డ సుట్టిన. ఉన్నదా?"

"ఉందండి. మాసిపోయిందని ఓసారి విప్పబోతే సాంబమూర్తి గారు నన్ను తిట్టారు."

ఇశ్రాయేలు కండువాతోని మొకం గట్టిగ తుడుసుకొని లేసిండు. మోకాళ్లు నొస్తున్నా అట్టపెట్టె ఒక కొస తనే పట్టిండు.

"బస్సులు తిరిగేదాక యాడికి పోతవ్ తమ్మీ? ఆడ నా మంచం మీద పండినవ్, ఈడ గూడ నా మంచం మీదనే పండు. పా."