పుస్తకానికెక్కని పన్నెండు అట్టలు

(1988 జూన్ నెలలో, ధర్మవరంలోని ఒక పట్టు చేనేత సంఘంలో, డిజైను గది బాధ్యుడు శ్రీరంగప్ప తన ఉద్యోగ విరమణ సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులు, మా సంఘానికి పదేళ్లుగా పెద్దదిక్కు అయిన రామదాసు గారికి, ఇంత ఎండలో అనంతపురం నుంచి బస్సులో నిలబడి వచ్చిన చేనేత అధికారి సోమశేఖర్ గారికి, మగ్గం గుంటలోంచి లేచి నేరుగా వచ్చిన నేతగాళ్లకు, వెనక స్తంభం పక్కన నిలబడిన నల్లమ్మకు నమస్కారం. కూర్చో నల్లమ్మా. ఇవాళ నేను తొందరగా ముగించను.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు నన్ను బాగా పొగిడారు. బతికుండగానే ఇన్ని మంచి మాటలు వింటే మనిషికి అనుమానం వస్తుంది. (నవ్వులు) మా కార్యదర్శి వెంకటరాముడు నా డిజైను పుస్తకం సంఘానికి ప్రాణం అన్నాడు. అయిదేళ్ల కిందట ఆ ప్రాణంలోంచి రెండు కాగితాలు చించి బొరుగులు పొట్లం కట్టించింది ఈయనే. (నవ్వులు) ఆ కాగితాల్లో గండభేరుండం రెక్క ఉంది. ఆ పక్షి ఇప్పటికీ ఒంటిరెక్కతోనే చీరలెక్కుతోంది.

ఈ సభ కాగానే ఇక్కడే సర్వసభ్య సమావేశం ఉంది. అందులో రెండో అంశం నల్లమ్మ దరఖాస్తు. రెండేళ్ల కిందట పోయిన తన భర్త గురప్ప మగ్గం మీద తనకు సభ్యత్వం ఇవ్వమని అడిగింది. సభ్యత్వం ఉంటేనే సంఘం పట్టు ఇస్తుంది, పని ఇస్తుంది. ఆ కాగితం మీద మా అధ్యక్షులు రామదాసు గారు ఇలా రాశారు: "అట్టలు మార్చిన నేరానికి భర్తను 1979లో తొలగించినందున ఇవ్వదగదు." ఆ నేరానికి సాక్ష్యం నా పుస్తకమే. కనుక నా గుణగణాలు పక్కనపెట్టి పుస్తకం సంగతి మాట్లాడతాను.

సోమశేఖర్ గారూ, తమరు కొత్తగా వచ్చారు కాబట్టి చెబుతున్నాను. చీర అంచులో హంస దిగాలంటే ముందు ఆ హంసను గళ్ల కాగితం మీద గీస్తాం. గీసినదాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతాం. ఒక్కో పేకకు, అంటే అడ్డంగా పోయే ఒక్కో పోగుకు, ఒక్కో అట్ట. అట్టలన్నీ వరసగా దారంతో కుట్టి మగ్గం పైనున్న జకార్డు యంత్రానికి తగిలిస్తే అవి తిరిగేకొద్దీ కింద బొమ్మ వస్తుంది. అట్ట చినిగితే నేతగాడు ఏం చేస్తాడు? చినిగినదాన్నే చూసి కొత్తది కొడతాడు. చిరుగు కూడా చిల్లే అనుకుంటాడు. ఆ కొత్తది చినిగితే దాన్ని చూసి ఇంకొకటి. ఇలా మూడేళ్లు గడిస్తే నెమలి కాస్తా కోడిపుంజు అవుతుంది. (నవ్వులు)

అందుకని 1961లో చేరినప్పుడే పుస్తకం మొదలుపెట్టాను. అసలు కట్ట నా గదిలో ఉంటుంది. ఎవరు ఏ అట్ట మార్చినా ఏ వరస, ఏ చిల్లు, ఎవరు, ఏ రోజు, ఎందుకు అని రాస్తాను. బొమ్మంతా మళ్లీ గీయను, మారినంతే రాస్తాను. వెనక్కి చదువుకుంటూ పోతే ఏ ఏటి బొమ్మనైనా తిరిగి కొట్టుకోవచ్చు. రెండు నెలలకోసారి మగ్గాల దగ్గరికి పోయి, అక్కడున్న అట్టలను పుస్తకంతో పోలుస్తాను. కొన్ని సరిపోతాయి. కొన్ని పుస్తకంలో ఉన్నవే గానీ మగ్గం మీద మారి ఉంటాయి. కొన్నింటి సంగతి పుస్తకానికే తెలియదు. ఈ మూడోరకంతోనే చిక్కు.

బెంగళూరులో కంప్యూటర్ల దగ్గర పనిచేసే మా మేనల్లుడు పోయిన వేసవిలో వచ్చి పుస్తకం చూసి, "మామా, మా దగ్గర ఈ పనికి ఒక ప్రోగ్రామే ఉండాది" అన్నాడు. వాళ్లు రాసే ఫైళ్లలో ఏది మారిందో, ఎవరు మార్చారో అది చెబుతుందట. పాతదాన్ని తిరిగి తెచ్చిస్తుందట. "మరి దానికి చెప్పకుండా పక్కన ఒక ఫైలు పెడితే?" అని అడిగాను. "దానికేం తెలుస్తాది మామా? మనం అప్పజెప్పిందాన్నే అది కాపలా కాస్తాది" అన్నాడు. లైబ్రరీలో ముప్పై ఏళ్లు చరిత్ర పుస్తకాలు చదివాను. వాటి గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

1979 మార్చి. మద్రాసు అంగడి నుంచి ఆరు పెళ్లిచీరలకు ఆర్డరు. మెడ చాచి నడిచే హంసల అంచు, రెండు వందల నలభై అట్టలు. రామదాసు గారు నా గదిలోకి వచ్చి గళ్ల కాగితం చూశారు.

"ఏమప్పా శ్రీరంగా, ఇది హంసనా, కొంగనా? మెడ అంత పొడుగు ఎందుకప్పా? ఒక పన్నెండు అట్టలు తీసెయ్."

"మెడ తగ్గాలంటే మళ్లీ గీయాలన్నా. ఊరికే తీస్తే తల వచ్చి ఒంటికి అతుక్కుంటాది."

"ఏం కాదులే. పుస్తకంలో రాసేది వద్దు. బాగుంటే అప్పుడు రాస్తువు."

తీశాను. తొంభై ఏడు నుంచి నూట ఎనిమిది దాకా. దారం మళ్లీ నేనే కుట్టాను. గురప్పను పిలిచి ఆ కట్ట చేతికిచ్చాను. అతను నమ్మకంగా నేశాడు. ఆరు చీరలు పోయాయి, ఆరూ తిరిగొచ్చాయి. 'మేము హంసలు అడిగాము, మీరు బాతులు పంపారు' అని ఉత్తరం. మీరంతా నవ్వారు. ఎర్రిస్వామీ, తల దించుకోవద్దు. నీ మగ్గం అతని మగ్గానికి ఎదురు. ఆ కట్ట నా గది నుంచి రావడం నువ్వు చూశావు.

విచారణ ఈ హాల్లోనే జరిగింది. గురప్ప మగ్గం మీది అట్టలు లెక్కపెడితే రెండు వందల ఇరవై ఎనిమిదే వచ్చాయి. గురప్ప నా వైపు తిరిగి, "అన్నా, అట్టలు నువ్వే కదన్నా ఇచ్చినావు. నేనేమన్నా ముట్టుకుంటినా? చెప్పన్నా" అన్నాడు.

రామదాసు గారు, "మాటలొద్దు. పుస్తకం ఏం చెప్తాంది శ్రీరంగా?" అన్నారు.

తెరిచాను. "రెండు వందల నలభై."

"మార్పు ఏమన్నా రాసుండాదా?"

"లేదు."

నా నోట ఒక్క అబద్ధం రాలేదు. ఉన్నదే చదివాను. అప్పటికి పద్దెనిమిదేళ్ల నుంచి టెంపరరీగానే ఉన్న నన్ను పర్మనెంటు చేసే కాగితం రామదాసు గారి బల్ల మీద ఉంది. ఆ నెలలోనే సంతకమైంది. గురప్పను సంఘం నుంచి తొలగించారు. అదే ఏడు వానలు లేక అతని చేను ఎండిపోయింది. పట్టుదారం పట్టిన చేతులతో అతను కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొట్టాడు. గుత్తి రోడ్డులో ఒకసారి బస్సులోంచి చూశాను. నన్ను చూసి సుత్తి దించి నమస్కారం పెట్టాడు. నేను కిటికీ మూసుకున్నాను.

(అధ్యక్షులు: "శ్రీరంగా, చాలు. ఇది సన్మాన సభప్పా, పంచాయితీ కాదు.")

పంచాయితీలో అడిగిన రోజు నేను నోరు తెరవలేదు అధ్యక్షా. రేపటి నుంచి నన్ను ఏ సభకూ పిలవరు. నాకున్నది ఇదొక్కటే.

ఈ గుడ్డసంచీలో ఉన్నవి ఆ పన్నెండు అట్టలు. సోమశేఖర్ గారూ, అంకెలు చూడండి, నా చేతిరాతే. గురప్ప తీసి ఉంటే ఇవి గురప్ప ఇంట్లో దొరకాలి. తొమ్మిదేళ్లు నా పెట్టెలో ఉన్నాయి. పారేయడానికి చెయ్యి రాలేదు, బయటపెట్టడానికి ధైర్యం రాలేదు.

ఇప్పుడు పుస్తకంలో ఎక్కిస్తున్నాను. (రాస్తూ చదివారు) "హంసల అంచు. 1979 మార్చి. తొంభై ఏడు నుంచి నూట ఎనిమిది వరకు అట్టలు తీయడమైనది. తీసినవాడు శ్రీరంగప్ప. తీయమన్నవారు అధ్యక్షులు రామదాసు. నేసిన గురప్పకు ఈ సంగతి తెలియదు. తొమ్మిదేళ్లు ఆలస్యంగా ఎక్కించినది."

(వెనక నుంచి నల్లమ్మ: "సామీ, ఆ గురప్ప మాట ఇంగొకసారి చదువు. ఈడికి వినపడలా.")

"నేసిన గురప్పకు ఈ సంగతి తెలియదు."

వినపడిందా నల్లమ్మా? అతను బతికుండగా చదవవలసింది. నిన్ను క్షమాపణ అడగను. అడిగితే ఈ హాల్లో ఇంతమంది ముందు నువ్వు కాదనలేవు, అదొక బలవంతం అవుతుంది.

అధ్యక్షా, ఈ వరస కింద మీ సంతకానికి చోటు వదిలాను. పెడితే సంతోషం. పెట్టకపోతే, అడిగినా పెట్టలేదని అదే చోట రాసి పుస్తకం సోమశేఖర్ గారి చేతికిచ్చి పోతాను.

నేను ఇక్కడ జీతగాణ్ణి. సభ్యుణ్ణి కాను కనుక నల్లమ్మ దరఖాస్తుకు చెయ్యెత్తే హక్కు నాకు లేదు. మీకుంది. ఇన్నేళ్లు అన్నం పెట్టిన సంఘానికి, విసుక్కోకుండా విన్న అతిథికి, విసుక్కుంటూనే విన్న మిగతావారికి కృతజ్ఞతలు. నేను మెట్లు దిగి వీధిలోకి పోయేలోగా చేతులు లేస్తాయో లేదో వెనక్కి తిరిగి చూడను. లెక్కపెట్టవలసింది మీరు.

సెలవు.