కందనకాయ ఎవరిది

(ఎల్డొరెట్ పట్నంలో ఒక ఆస్పత్రి. కిడ్నీ ఇవ్వబోయేవాళ్ళతో నర్సు జెరోటిచ్ ఒంటరిగా మాట్లాడే గది. ఎదురుగా లుస్వేటి.)

"అది కాదు సిస్టర్, నాకేం భయం లేదు. ఊరికే అడుగుతున్నా."

"అడగండి. ఈ గది ఉన్నదే అందుకు."

"తలుపు వేసే ఉందా?"

"వేసే ఉంది. ఇది మూడోసారి అడగడం."

"మా అన్న బయట బెంచీ మీద..."

"లేరు. ఖాయెంబా గారిని డయాలిసిస్‌కి తీసుకెళ్ళారు. నాలుగు గంటలు ఆ మిషను దగ్గర్నుంచి కదలరు. ఇక చెప్పండి."

"ఏం లేదు. ఆపరేషన్ అయ్యాక బోడా, అదే కిరాయి బైకు, నడపొచ్చా? బండి లేకపోతే నాకు తిండి లేదు కదా."

"రెండు నెలలు ఆగి నడపొచ్చు. ఇదివరకులా పక్కంతా కొయ్యరు. చిన్న చిన్న బెజ్జాలు పెట్టి తీస్తారు. నాలుగైదు రోజుల్లో ఇంటికి పోతారు. పోయిన నెల కూడా ఇదే చెప్పాను. తల ఊపారు."

"ఊపాను."

"ఒకప్పుడు దీనికోసం ఇండియా దాకా పోయేవాళ్ళు. ఇప్పుడు ఇక్కడే చేస్తున్నాం."

"ఇండియా అయితే పాస్‌పోర్టు రాలేదనైనా చెప్పేవాణ్ణి."

"ఏమన్నారు?"

"నవ్వులాటకి అన్నా సిస్టర్. అసలు మా ఆవిడ ఏమంటుందంటే..."

"మీ ఆవిడ పోయిన వారం ఇదే కుర్చీలో కూర్చుంది. ఆయన ఇష్టం, నేను అడ్డు రాను అంది."

"అడ్డు రాను అందా? ఉల్లిపాయలు కొన్నా అడ్డొస్తుందే! దీనికి మాత్రం రాదా?"

"లుస్వేటీ. ఏం చెప్దామని వచ్చారు?"

"రక్తం నిజంగా కలిసిందంటారా? సీసాలు మారిపోయాయేమో. మా ఊళ్ళో ఒకావిడకి మలేరియా అని నెల్లాళ్ళు మందులిచ్చారు. చూస్తే కడుపుతో ఉంది."

"రెండుసార్లు చూశాం. అన్నదమ్ముల్లో కూడా ఇంతలా కలవడం తక్కువ అన్నారు డాక్టరుగారు."

"నాతోనూ అన్నారు. వినగానే లోపల ఏదో దబ్బున పడ్డట్టయింది."

"సంతోషమా?"

"అందరూ అలాగే అనుకున్నారు. అమ్మ పాట ఎత్తుకుంది. నేను దొడ్లోకి వెళ్ళి కూర్చున్నా. కలవకూడదని మొక్కుకున్నాను సిస్టర్. ఫలితం వచ్చేదాకా మూడు వారాలు. పొద్దున్న కళ్ళు తెరిస్తే అదే ప్రార్థన."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

"పరీక్షలకి ముందే ఒప్పేసుకున్నా. చర్చిలో. ఆదివారం ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్తారు కదా. ఒకడు తప్పిపోయిన ఆవు దొరికిందన్నాడు. ఒకావిడ కొడుకు పాసయ్యాడంది. నాకెప్పుడూ చెప్పుకోడానికేం ఉండదు. ఆ వేళ నా కాళ్ళు వాటంతటవే లేచాయి. 'నా కిడ్నీ మా అన్నది' అనేశాను."

"కలుస్తుందో లేదో తెలీకుండానే?"

"అప్పటికి అక్కదీ కలవలేదు, చెల్లెలిదీ కలవలేదు. నాదీ కలవదులే అని ధైర్యం. చర్చి అంతా చప్పట్లు. పాస్టరు కౌగిలించుకున్నాడు. ఇంటికెళ్ళగానే కోడి కోశారు."

"మీ బుకుసు తెగవాళ్ళు దేనికి కొయ్యరు కోడిని?"

"మీ కలెంజిన్‌వాళ్ళకి కోడి విలువ తెలీదులెండి, పాలు తాగి పరుగు పందేలకి పోవడమే. మాలో కందనకాయ ఇంటిపెద్దది. నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్న తిన్నాడు. నాన్న పోయాక అన్న. నేను కన్నెత్తి చూసినా అమ్మ గరిటెతో కొట్టేది. ఆ రోజు అమ్మే తెచ్చి నా కంచంలో వేసింది. అన్న ముందే."

"ఆయనేమన్నారు?"

"'తినరా, నీదే' అన్నాడు. నవ్వాడు. తనకి ఉప్పు పడదు, విడిగా చప్పగా వండిపెడతారు. అయినా కందనకాయ తన కంచంలోనే ఉండాలి కదా."

"మీరు తిన్నారా?"

"అందరూ చూస్తున్నారు సిస్టర్, ఏం చెయ్యను."

"తిన్నారా?"

"తిన్నాను. బావుంది. అదే... అదే నేను చెప్పలేకపోతున్నది. బావుంది. ముప్పై నాలుగేళ్ళు నేను ఖాయెంబా తమ్ముణ్ణి. నా పేరు కూడా ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఇప్పుడు బోడా స్టాండుకి నేను వస్తే లేచి చోటిస్తారు. ముసలివాళ్ళు ముందు నాకు చెయ్యి అందిస్తారు. ఏ ఇంటికి పోయినా కందనకాయ నాకే. ఇప్పటికి తొమ్మిది తిన్నాను."

"ఊఁ."

"ఊఁ అనకండి. తిట్టండి."

"తిట్టడం నా పని కాదు. కత్తంటే భయమా?"

"భయమే. కానీ ఒట్టి భయమైతే అన్న కాళ్ళ మీద పడి చెప్పుకునేవాణ్ణి. భయంలో సిగ్గేముంది? ఇది... ఇంకోటి. మీ దగ్గర ఏదో ఉత్తరం ఉంటుందట కదా?"

"ఏ ఉత్తరం?"

"బెంచీ మీద చెప్పుకుంటుంటే విన్నా. ఇవ్వలేనివాడు వచ్చి గుట్టుగా చెప్పుకుంటే రాసిస్తారట. కారణం రాయరట. ఇంట్లోవాళ్ళు రక్తం కలవలేదేమో అనుకుంటారట."

"అబద్ధం రాయం. 'దానం చెయ్యడానికి అనుకూలం కాదు' అని రాస్తాం. ఎందుకని ఎవరడిగినా చెప్పం. ఇష్టం లేని మనిషిని బల్ల మీద పడుకోబెట్టం."

"అనుకూలం కాదు. ఎంత మర్యాదగా ఉంది మాట."

"కావాలా మీకు?"

"కావాలన్లేదు. ఉంటుందా అని అడిగా."

"మీ నోటితో అనాలి. అది ఇక్కడి నియమం. నేను ఊహించి ఇవ్వకూడదు. ఇంకొకరు అడిగితే ఇవ్వకూడదు."

"అనకపోతే?"

"మంగళవారం ఆపరేషన్."

"ఆ ఉత్తరం పట్టుకెళ్తే ఊళ్ళో ఏమనుకుంటారు సిస్టర్?"

"పాపం, ఇద్దామనుకున్నాడు, కుదర్లేదు అనుకుంటారు."

"అంటే కిడ్నీ మిగుల్తుంది. పేరూ మిగుల్తుంది."

"మిగుల్తుంది."

"మీకిప్పుడు తట్టింది. నాకు ముందే తట్టింది. పొద్దున్న వస్తున్నప్పుడు, బండి మీద. అన్న వెనక కూర్చున్నాడు, నా నడుం పట్టుకుని. వేళ్ళు ఐసులా ఉన్నాయి. అవి నా పక్కటెముకల కింద తగుల్తుంటే నేను ఏం ఆలోచిస్తున్నానో తెలుసా? ఉత్తరం చూపించేటప్పుడు ఎలా ఏడవాలా అని. ఆలోచిస్తుంటే నిజంగానే ఏడుపొచ్చేసింది. అన్న అది చూసి వీపు నిమిరాడు."

"నీళ్ళు తాగండి."

"వద్దు. ఏడ్చినందుకు వీపు నిమిరాడు సిస్టర్! నేను దేనికి ఏడుస్తున్నానో..."

"తాగండి. తాగి చెప్పండి."

"ఇంకేం చెప్పను. అంతా చెప్పేశాగా."

"అసలు మాట అనలేదు."

"నేను ఇవ్వలేను."

"ఇంకోసారి."

"నా కిడ్నీ మా అన్నకి ఇవ్వలేను. చాలా? నా నోటితోనే అన్నాను. ఉత్తరం ఇప్పించండి. రాయడానికి ఎన్నాళ్ళు పడుతుంది? మంగళవారంలోపు అవుతుందా?"

"ఇదిగో. నా సంతకం ఒక్కటే తక్కువ. పెడతాను."

"ఇదేంటి... నా పేరు ముందే కొట్టి ఉంది."

"ఊఁ."

"తారీఖు పోయిన గురువారం. గురువారం నేను రాలేదు."

"రాలేదు."

"మా ఆవిడా? మా ఆవిడ అడిగిందా?"

"ఆమె వచ్చింది సోమవారం. కాగితం తీసుకోండి, లుస్వేటీ. చదవకుండా మడిచి జేబులో పెట్టుకోండి."

"నేను రాకముందే నా మనసులో మాట మీ సొరుగులో ఎలా ఉంది? ఎవరు రాయించారు?"

"చెప్పనని మాటిచ్చాను."

"నా పేరున కాగితం. నాకు చెప్పరా?"

"గురువారం డయాలిసిస్ అయ్యాక వచ్చి, మీరు కూర్చున్న కుర్చీ పట్టుకుని నిలబడ్డారు మీ అన్న. ఆయన అడిగితే ఇవ్వడానికి లేదన్నాను. 'ఇవ్వొద్దు, రాసి మాత్రం పెట్టుకోండి సిస్టర్' అన్నారు. 'వాడికి కాదనడం చేతకాదు. వచ్చినప్పుడు మావాణ్ణి ఎక్కువసేపు అడిగించుకోకండి' అన్నారు."