లోయ అవతలి జింక

హలో… ఆ, నేనే అత్తయ్యా, ట్రెస్సాను. ఒక్క క్షణం… పొయ్యిలో బూడిద ఎత్తుతున్నా, చేతులు నల్లగా ఉన్నాయి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నా. ఆ, ఇప్పుడు చెప్పండి.

…

ఉన్నాడు. మీ అబ్బాయి ఇక్కడే, భోజనాల బల్ల దగ్గర. తుపాకీ తుడుచుకుంటున్నాడు.

…

మీకూ పంపాడా నిన్నటి వేట వీడియో… మీ చెల్లెలికి కూడానా. బాగుంది.

…

ఏమని చెప్పాడు మీకు? గురి తప్పిందనా… లేదత్తయ్యా, ఎత్తిపొడవడం లేదు. నాకూ అదే చెప్పాడు. వెంట్రుకవాసిలో పోయిందట.

…

ఆ, ఇవాళ మళ్ళీ వెళ్తాడట. నిన్న వెంట వెళ్ళిన ఆ స్నేహితుడు బ్రెంటే బండి తెస్తానన్నాడు. వేరే గుట్ట ఎక్కి, వేరే జింకను చూస్తారట.

…

తప్పలేదు అత్తయ్యా. తగిలింది.

…

కడుపులో.

…

వీడియోలోనే తెలుస్తుంది. మళ్ళీ పెట్టి చూడండి. అందరూ వాళ్ళిద్దరి కేకలు విని మురిసిపోతున్నారు గానీ జింకను ఎవరూ చూడట్లేదు. తుపాకీ మోగాక అది ఒక అడుగు ముందుకేస్తుంది చూడండి. తూటా ఇంకా దారిలోనే ఉంది, అంత దూరం. తర్వాత నడుం వంచుకుని, తోక కాళ్ళ సందున పెట్టుకుని, నెమ్మదిగా పొదల్లోకి పోతుంది. తగలని జింక అలా పోతుందా? గంతులేసుకుంటూ పోదూ.

…

దాటి వెళ్ళి చూడలేదు. … ఎవరూ వెళ్ళలేదు. లోయ దిగి అవతల ఎక్కాలంటే సగం రోజు పడుతుందట. చీకటి పడబోతోందట. ఇవతలి నుంచే దుర్బిణి పెట్టి చూశారట, నెత్తురు కనబడలేదట. … అవును. పదకొండు వందల గజాల నుంచి నెత్తురు చుక్కలు వెతికారు మీ అబ్బాయీ, ఆ బ్రెంటూ.

…

గాలి కొలిచాడు, కొలవకేం. చేతిలో చిన్న పంకా తిప్పాడు, ఫోను లెక్క కట్టింది. అయితే గాలి కొలిచింది తను పడుకున్న చోట. లోయ మధ్యలో గాలి ఎటు తిరుగుతోందో ఆ పంకాకేం తెలుసు. … పడుకునే అత్తయ్యా. చాప పరిచి, తుపాకీ కింద ఒక దిండు, మోచేతి కింద ఒక దిండు. దుప్పటి ఒక్కటే తక్కువ.

…

నవ్వండి. నాకూ నిన్నటిదాకా నవ్వే వచ్చేది.

…

మామయ్య కూడా గాయపడ్డదాన్ని ఒకదాన్ని పోగొట్టుకున్నారు, తెలుసు. మంచు పడేదాకా వెతికారని మీరే చెప్పారుగా. ఆ ఏడు ఇంకో జింక జోలికి పోలేదనీ మీరే చెప్పారు. ఏడాదికి ఒక్క ట్యాగు, ఒక్క జింకకే పర్మిట్టు. నెత్తురు కారిందంటే ఆ ఏటి ట్యాగు అయిపోయినట్టే, మాంసం దొరికినా దొరక్కపోయినా. మీ ఇంటి పద్ధతే అది, నేనొచ్చి పెట్టిందేం కాదు.

…

అందుకే మరి, తప్పింది తప్పింది అంటున్నాడు. తగిలిందని ఒప్పుకుంటే ఈ ఏటికి ఇంట్లో కూర్చోవాలి.

…

ఊహ కాదు. పొద్దున్నే వెళ్ళాను.

…

నేనొక్కదాన్నే. వెనక రోడ్డు మీదుగా చుట్టు తిరిగి, బండి కంచె దగ్గర ఆపి నడిచాను. మీ అబ్బాయి నిద్ర లేవలేదు.

…

చెబితే మీరు టిఫిను తినలేరు. … అయిందా. సరే.

ముందు వాసన తగిలింది. సేజ్ పొదల వాసన కాదు. గడ్డి మీద ఆకుపచ్చగా, నెత్తురుతో కలిసి… నమిలిన మేత, కడుపులోంచి కారింది. అడుగడుగునా ఉంది. రాత్రి అది పడుకున్న చోట గడ్డి అణిగిపోయి, తడిగా. లేచి ఇంకాస్త నడిచి మళ్ళీ పడుకుంది. మళ్ళీ లేచింది. అలా పక్కలు మార్చుకుంటూ పోయింది రాత్రంతా.

…

ఉంది. బతికే ఉంది. బండల కింద నిలబడి ఉంది. పేగు ఒకటి కిందికి వేలాడుతోంది, దానికి మట్టీ ఆకులూ అంటుకుని ఉన్నాయి. కాకుల్లాంటి మాగ్‌పై పిట్టలు రెండు పక్క పొదమీద కూర్చుని… అది కింద పడేదాకా కూడా ఆగేలా లేవు అవి. నన్ను చూసింది. పారిపోలేదు. అంత ఓపిక ఎక్కడిది.

…

లేదు, తుపాకీ తీసుకెళ్ళలేదు. ఈ ఏడు నాకు ట్యాగు లేదుగా. అయినా కాల్చింది తను. ముగించాల్సింది తనే.

…

చెప్పాను. ఇందాక కాఫీ ఇస్తూ. వేరే ఎవరో కొట్టిన జింక అయి ఉంటుందన్నాడు. ఎడమ కొమ్ము కొన విరిగి ఉంది అత్తయ్యా. వీడియోలో ఉన్నదానికీ విరిగే ఉంది. ఆ మాటా అన్నాను. గుడ్డ తీసుకుని తుపాకీ తుడవడం మొదలెట్టాడు.

…

వినబడుతోంది. తను వినాలనే గట్టిగా మాట్లాడుతున్నా. … అవును, నేనే. ఇలా మాట్లాడటం నాక్కూడా కొత్తగానే ఉంది.

…

కోపం కాదు. అసహ్యం. రాత్రి పక్కలో పడుకుని కూడా అదే చూసుకుంటున్నాడు. ఫోను వెలుగు మొహం మీద. ప్రతిసారీ బ్రెంట్ కేక, వెనక తన నవ్వు. నేను గోడవైపు తిరిగి పడుకున్నా. అప్పుడు ఆ జింక అక్కడ అలా ఉంది.

…

ఎప్పుడూ ఇలా లేడు. అదే నా బాధ. పెళ్ళికి ముందు నన్నొకసారి వెంట తీసుకెళ్ళాడు, గుర్తుందా మీకు? జీన్సు మోకాళ్ళు చిరిగిపోయి వచ్చామని మీరు తిట్టారు. ఆ రోజు పొద్దుటి నుంచీ పాకుతూనే ఉన్నాం. జింక గడ్డి కొరుకుతుంటే పటపట వినబడేంత దగ్గరికి పోయాం. ఇక కాలుస్తాడనగా గాలి మళ్ళింది. దానికి మా వాసన తగిలింది, తల ఎత్తింది, పోయింది. మీ అబ్బాయి తుపాకీ దించేసి, 'అది గెలిచింది' అన్నాడు. ఆ మనిషినే నేను చేసుకుంది.

ఇప్పుడు ఈ జింకకు మనిషి వాసనా తగల్లేదు, చప్పుడూ వినబడలేదు. తనను ఎవరో చూస్తున్నారని కూడా దానికి తెలియదు. మేస్తూ మేస్తూ ఉండగా కడుపు చీలిపోయింది. ఇందులో వేట ఎక్కడుంది?

…

మీరు వెనకేసుకురావడం నాకు కొత్తేం కాదు, కన్నతల్లి మీరు. కానీ ఒక్కటి చెప్పండి. ఆ జింక మాంసం తెచ్చి మీ ముందు పెడితే వండుతారా? … వేరే జింకదైనా సరే, అదలా నిలబడి ఉండగా?

…

…

ఫోను జారుతోంది, ఇంకో చెవికి మార్చుకున్నా. చెప్పండి.

…

ఫోను తనకా? … ఇస్తా. ఉండండి.

గ్యారెట్. మీ అమ్మ. … తీసుకో. … చేతికి నూనె ఉంటే నేను పెడతాలే చెవి దగ్గర. తల తిప్పకు. మాట్లాడు.

…

…

…

హలో, నేనే. ఏమడిగారు? … ఏమీ అడగలేదా? ఇంతసేపూ ఊరికే పట్టుకుని కూర్చున్నారా? … లేదు, తనూ ఏమీ అనలేదు. పక్కనే ఉన్నాగా నేను. ఊపిరి వినబడింది, అంతే.

…

మొహమా? చూడట్లేదు నేను.

…

లేచాడు.

…

కోటు వేసుకుంటున్నాడు. … కాదు, ఆ పెద్ద తుపాకీ బల్లమీదే ఉంది, విప్పింది విప్పినట్టే. గోడ మీది చిన్న తుపాకీ తీశాడు. … తాడు. కత్తి. … ఏమో, నావైపు చూడట్లేదు.

…

వెళ్ళిపోయాడు అత్తయ్యా. … కిటికీలోంచి చూస్తున్నా. బ్రెంట్ బండి అప్పుడే వాకిట్లోకి వచ్చింది. అద్దం దించి ఏదో అడుగుతున్నాడు. … ఆగలేదు. బండి పక్కనుంచే పోతున్నాడు. … లోయ వైపు. నడిచే.

…

సంతోషం కాదు అత్తయ్యా. నేను చూసి వచ్చి చాలాసేపైంది. ఇంకా బతికే ఉండాలనుకోవాలో, ఈపాటికి పోయి ఉండాలనుకోవాలో తెలియట్లేదు.

…

ఆ. పోయి ఉంటేనే మంచిది దానికి.

…

ఉంటాను. పెట్టేస్తున్నా.