పుతులిక్ మోసిన మంచు

“ఒక్క బకెట్టే. లేనిపోనివి చెప్పడం నాకు చేతకాదు. ఆ రోజు నేను నింపింది ఒక్క బకెట్టే,” అన్నాడు పుతులిక్, టీ కప్పు మోకాలి మీద పెట్టుకుని.

గుడారంలో నలుగురున్నారు. గుడారం కింద మంచు, మంచు కింద సముద్రం. ఆ సముద్రం ఇప్పుడు వెనక్కి పోతోంది. ఉత్తరపు మంచుసీమలోని ఈ ఉంగావా తీరంలో పోటుకీ ఆటుకీ మధ్య నీళ్ళు ఐదారుగురు మనుషుల ఎత్తు దిగిపోతాయి, పున్నమి వెళ్ళిన మర్నాడైతే ఇంకా కిందికి. కింద నీళ్ళు లేకుండా పోయాక ఒడ్డు పక్క మంచు బండరాళ్ళ మీద కప్పులా ఆగిపోతుంది. దానికి కన్నం కొట్టి, ఆ ఖాళీలోకి దిగి, పోటు తిరిగేలోపు ఆల్చిప్పలు ఏరుకుని పైకి రావాలి. రాలేకపోతే మళ్ళీ ఆటు వచ్చినప్పుడు ఎవరో ఒకరు వెతుక్కోవాలి.

మియాజి ఇవాళే మొదటిసారి దిగబోతోంది. ఇన్నేళ్ళూ దిగిన వాళ్ళమ్మ నడుం పట్టేసి మంచం మీద ఉంది. ఏం పెట్టినా నోటికి రుచించడం లేదు, ఆల్చిప్పలు తప్ప ఇంకేమీ వద్దంటోంది. కూతురు దిగడానికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: “సొంతవాళ్ళు పక్కనుంటేనే.” దిగగలిగిన సొంతవాళ్ళంటే మిగిలింది పుతులిక్ బాబాయి ఒక్కడే. పిన్నిని చేసుకుని, చలికాలం మొదట్లో ఎక్కడో లోపలి నదుల వైపునుంచి వచ్చాడు. మంచు కింద తను చేసిన సాహసాలు వచ్చిన రోజునుంచీ చెబుతూనే ఉన్నాడు.

అందుకే మియాజి ఒక్క మాట కూడా వదలకుండా వింటోంది. కాసేపట్లో తన ప్రాణం ఈ మనిషి చేతిలో ఉంటుంది.

“బకెట్టు నింపి తల ఎత్తితే ఏముంది? నేను దిగిన కన్నం పిడికిలంత అయిపోయింది. మంచు జరిగింది కదా మరి! సరేలే, పక్క కన్నం దాకా నడుద్దాం అనుకున్నా.”

“పక్క కన్నం ఎంత దూరం బావా?” అన్నాడు నాలక్, పిలుపుకి వరసలే తప్ప చుట్టరికం లేని పొరుగింటివాడు. చేతిలో గునపం ఉంది, దాని మొన ఆకురాయితో నూరుతున్నాడు. కన్నం కొట్టేది అతనే.

“ఎంతో లేదు, మన దుకాణం దగ్గర్నుంచి విమానాల మైదానం దాకా. వంగి నడుస్తున్నా, రెండు చేతుల్లో రెండు బకెట్లు...”

“ఇందాక ఒకటన్నావు.”

“దారిలో ఇంకోటి దొరికింది. ఎవడో వదిలేసి పోయాడు, పిరికివాడు. చెప్పనిస్తావా, బకెట్లు లెక్కపెడతావా?”

కింద ఎక్కడో మంచు కిర్రుమని సాగింది. మియాజి కప్పులో టీ ఒక పక్కకి ఒరిగి, అలాగే నిలబడింది. ముసలి ఉలాయు నేల మీద అరచెయ్యి ఆనించి, “ఇంకా కుంగుతోంది,” అంది. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు రావాలో ఆవిడ చెప్పాల్సిందే.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?” పుతులిక్ గొంతు పెంచాడు. “దారికి అడ్డంగా వాల్రస్! మన పాదిరిగారి పడవంత ఉంది. ‘జరుగు’ అన్నా. అది నన్ను చూసింది, నా బకెట్లు చూసింది, జరిగింది. ఊరికే జరిగితే నేనెందుకు చెబుతాను, నా వెనకాలే వచ్చింది, కుక్కపిల్లలా. సరే వచ్చావు కదా, కాస్త సాయం పట్టు అని, ఏరిన ఆల్చిప్పలు బకెట్లకెత్తి దాని దంతాలకి తగిలించా. ఒక్కో దంతానికి ఎనిమిది.”

“అంటే పదహారు. నీ చేతుల్లో రెండు. పద్దెనిమిది,” అన్నాడు నాలక్. “ఆ బకెట్లన్నీ ఎవరు వదిలేసి పోయారు బావా, ఊరంతానా?”

“ఊరంతా పిరికివాళ్ళయితే నేనేం చెయ్యను!”

నాలక్ పడీ పడీ నవ్వాడు. మియాజి కూడా నవ్వింది, కానీ లోపల కూడికలూ తీసివేతలూ చేసుకుంటోంది. వాల్రస్ తీసేద్దాం. పద్దెనిమిది బకెట్లలో పదిహేడు తీసేద్దాం. పది పాళ్ళలో ఒక్క పాలు నిజమైనా చాలు, ఒక్కసారి దిగి బతికి వచ్చినవాడైనా చాలు.

“అప్పుడు తిరిగింది పోటు. పైన కప్పు పగిలి కూలబోయింది. వీపు ఆనించా! ఒడ్డు వారన ముక్క అనుకునేరు, అఖాతం మొత్తం మంచు, ఈ కొండనుంచి ఆ కొండదాకా. దాని మీద పద్నాలుగు స్నోమొబైళ్ళు, మూడు బళ్ళ కుక్కలు, చేపలకి గాలాలేసుకుని కూర్చున్న ఆడవాళ్ళు. ఒకావిడ బిడ్డకి పాలిస్తోందట, ఆ బిడ్డ నిద్ర కూడా చెదరలేదు. అంత నెమ్మదిగా మోశా.”

“పుణ్యాత్ముడివి,” అంది ఉలాయు, నేల మీంచి చెయ్యి తియ్యకుండా.

“నీళ్ళు నడుం దాటాయి, ఛాతీ దాటాయి, గడ్డం దగ్గరికొచ్చాయి. నాకు కోపమొచ్చింది. ‘ఇంక చాల్లే’ అన్నా. ఆగిపోయాయి! ఆ రోజు ఈ తీరం పొడుగునా పోటు లేదు, కావాలంటే ఎవరినైనా అడుగు. చంద్రుడు కొండ మీద నిలబడి చూస్తున్నాడు, పోవాలో ఉండాలో తెలీక. ‘వెళ్ళు నాయనా, నా పనైపోయింది’ అంటే అప్పుడు కదిలాడు.”

“నిలిచినట్టే,” అంది ఉలాయు.

“చంద్రుడా?”

“నీళ్ళు. ఆటు అయిపోయింది, లేవండి.”

బయట గాలి మొహం కోసేస్తోంది. రెండు బండల మధ్య మంచు లోతుగా కుంగిన చోట ఉలాయు కాలితో గీత గీసింది. నాలక్ గునపం పది పోట్లు వేశాడో లేదో మంచు పెచ్చు కిందికి జారిపోయింది. పడ్డ చప్పుడు డొల్లగా వినిపించింది. లోపలనుంచి ఉప్పు వాసన, తడి వాసన. మియాజి తాడు నడుముకి కట్టుకుంది. ముడి రెండుసార్లు జారింది.

“బాబాయ్,” అంది, “పోటు తిరిగిందని నీకెలా తెలిసింది?”

“చెవులున్నాయిగా! సముద్రం వైపునుంచి పది ఎలుగుబంట్లు ఒక్కసారి అరిచినట్టు వచ్చింది. అంత చప్పుడయ్యాక పరుగెత్తడానికి బోలెడంత సమయం.”

“మరి నాచు?”

“నాచేమిటి? కింద ఉత్త రాళ్ళే, మీ ఇంట్లో గచ్చులాగ. కళ్ళు మూసుకుని పరుగెత్తొచ్చు.”

నాలక్ నవ్వలేదు. ఉలాయు తల తిప్పి పుతులిక్‌ని చూసింది. కింద నాచు మీద కాలు పెట్టకుండా ఒక్క అడుగు పడదని మియాజికి అమ్మ చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉంది. పోటు అరుచుకుంటూ రాదే, కాళ్ళ కిందనుంచి వస్తుంది, రాళ్ళకి అతుక్కుని పడుకున్న నాచు మెల్లగా తలెత్తుతుంది, అది చూశాక ఇంకొక్క చిప్ప కూడా ముట్టుకోకు, కన్నం వైపు నడు.

“బాబాయ్, అఖాతం మంచంతా మోశావు, సరే,” అంది. “ఎప్పుడైనా దాని కిందికి దిగావా?”

పుతులిక్ నోరు తెరిచాడు. “లోపలి నదుల్లో... మా వైపు దుప్పుల వేటలో...” అని మొదలుపెట్టి, కన్నంలోకి చూసి, ఆగిపోయాడు.

ఆగడానికి నీళ్ళకి తీరిక లేదు. మియాజి తాడు రెండో కొస తీసి నాలక్‌కి అందించింది. “మామా, నువ్వు రా నాతో. అమ్మకి నేను సర్దిచెప్పుకుంటా.”

నాలక్ గునపం ఉలాయుకిచ్చి, దీపం వెలిగించుకుని తాడు కట్టుకున్నాడు.

“నువ్విలా వచ్చి కన్నం పక్కన బోర్లా పడుకో,” అంది ఉలాయు పుతులిక్‌తో. “మాట్లాడుతూ ఉండు. లోపల ఏ వైపు చూసినా ఒక్కలాగే ఉంటుంది, కన్నం వెతుక్కోవాలంటే గొంతు వినబడే వైపుకే రావాలి. నీ అంత గొంతు మాకెవరికీ లేదు.”

మియాజి దిగింది. బూట్ల కింద నాచు జారింది, తడిగా, చదునుగా, రాళ్ళని కరుచుకుని. నెత్తికి నాలుగు వేళ్ళ ఎత్తున మంచు మూలుగుతోంది. తలెత్తి చూస్తే గుండ్రటి వెలుగులో పుతులిక్ మొహం, మీసాల నిండా మంచు పేరుకుని.

“ఏం చెప్పమంటావే?” అన్నాడు.

“ఏదైనా చెప్పు బాబాయ్!” కిందనుంచి అరిచింది మియాజి. “నిజం కాకపోయినా ఫర్వాలేదు. ఆపకుండా చెప్పు!”