పేజీ అడుగున పేర్లు

రెండువేల ఒకటవ సంవత్సరం జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు, మన కళాశాల కంప్యూటరు విభాగంలో అధ్యాపకురాలిగా మేడంగారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. విభాగమంటే ఆనాడు రసాయనశాల వెనుక ఉన్న సామాన్ల గది. కంప్యూటర్లు ఆరు, కుర్చీలు పదకొండు, విద్యార్థులు నలభై ఎనిమిది మంది. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ విదుషీమణిని గూర్చి నాలుగు మంచి మాటలు రాయవలసిందిగా యాజమాన్యం గ్రంథపాలకుణ్ణి ఆదేశించింది. ఆ గ్రంథపాలకుడే ఈ వ్యాసకర్త. ఈ సన్మాన సంచికకు సంపాదకుడూ అతడే కనుక, రాసినదాన్ని కొట్టివేసే చేయి మరొకటి లేదు.

ఆరు యంత్రాల ముందు నలభై ఎనిమిది మందిని కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు గనుక, మేడంగారు వెబ్ డిజైన్‌ను తొలుత కాగితం మీద బోధించారు. పొడుగాటి రూళ్ళ పుస్తకంలో, పేజీ ఎలా కనబడాలో కంప్యూటరుకు చెప్పే ప్రతి ట్యాగునూ చేత్తో రాసి, దిద్దించుకుని, ఆ పిదపనే కీబోర్డును ముట్టాలన్నది వారి శాసనం. తెరిచిన ట్యాగును మూయకపోతే పేజీ మొత్తం అస్తవ్యస్తమవుతుందని చెప్పి చెప్పి, చివరకు, "తెరిచావు సరే, మూసేదెవరు? మీ మామయ్య వచ్చి మూస్తాడా?" అని గద్దించేవారు. పిల్లలు వారికి 'మూసెయ్యమ్మ' అని పేరు పెట్టారు. వారు నొచ్చుకోకపోగా, ల్యాబు తాళంచెవి బిళ్ళ మీద ఆ పేరే రాయించుకున్నారు.

మరుసటి ఏడు వారు కళాశాలకు వెబ్‌సైటు ప్రారంభించి, ఏటా ఒక్కో బ్యాచ్ ఒక్కో పేజీని నిర్మించి చేర్చాలనే సంప్రదాయాన్ని నెలకొల్పారు. ఒకరు ఆవరణలోని చెట్లన్నిటినీ లెక్కించి పేజీ చేశారు, ఒకరు బస్సు వేళలు చేర్చారు, మరొకరు ఈ గ్రంథపాలకుడు చిందరవందరగా ఉంచిన పుస్తకాల జాబితాను అక్షరక్రమంలో పెట్టారు. ప్రతి పేజీ అడుగునా చిన్న అక్షరాలతో ఆ బ్యాచ్ అందరి పేర్లు ఉండేవి. మొదటి పేజీ అడుగున మొదటి పేరు మన గేటు వాచ్‌మన్ కూతురిది. ఇరవై రెండు బ్యాచ్‌లు, ఇరవై రెండు పేజీలు, వెయ్యిన్ని నలభై ఒక్క పేర్లు. ఏళ్ళ తరువాత కూడా పాత విద్యార్థులు ఫోన్ చేసి, "మేడం, నా పేరు ఇంకా ఉందా?" అని అడిగేవారు. "ఉండక ఎక్కడికి పోతుందిరా?" అనేవారు మేడంగారు.

సిబ్బందికి సైతం కంప్యూటరు పరిజ్ఞానం అవసరమని తలచి, రెండువేల తొమ్మిదిలో వారు సాయంకాలపు తరగతులు నిర్వహించారు. చెవిటివాని ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ నెలరోజులూ వారికి అనుభవమై ఉంటుంది. ఒకనాడు తెర మీది బొమ్మను చూపుతూ, "ఈ గుర్తు మూలన చిన్న వంకర బాణం ఉంది చూశారా? బాణం ఉందంటే ఇది ఇల్లు కాదండీ, ఇంటి అడ్రసు రాసిన చీటీ" అన్నారు. హెడ్ క్లర్కుగారు, "అడ్రసుంటే చాలదా అమ్మా? ఇల్లెక్కడికి పోతుంది?" అని నవ్వించారు. "ఎవరైనా కూల్చేస్తే పోతుందండీ" అన్నారు మేడంగారు. అందరికంటే బిగ్గరగా నవ్వినవాడు ఈ గ్రంథపాలకుడే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. గత సంవత్సరం యాజమాన్యం బయటి సంస్థ చేత తళతళలాడే కొత్త సైటు చేయించింది. అందులో భవనాల ఫొటోలున్నాయి, యాజమాన్యం వారి ఫొటోలున్నాయి. విద్యార్థి పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. పాత సైటు ఇంటర్నెట్ నుంచి దిగిపోయి, ల్యాబు మూలనున్న పాత కంప్యూటరులో మాత్రమే మిగిలింది. ల్యాబులోని ఫైళ్ళేవీ గేటు దాటరాదన్న సర్క్యులరును అక్షరాలా పాటించిన వ్యక్తి మన కళాశాలలో మేడంగారు ఒక్కరే గనుక, వారి ఇంట ప్రతి లేదు. కంటి శస్త్రచికిత్సకై సెలవుపై వెళ్ళే ముందు వారు ప్రిన్సిపాల్‌గారికి లేఖ రాశారు: 'ఆ కంప్యూటరును తీసివేసే ముందు పాత సైటుకు ఒక ప్రతి తీయించి ఇప్పించగలరు.' ఇరవై నాలుగేళ్ళ సేవలో వారు తమకోసం అడిగింది ఇదొక్కటే. ప్రిన్సిపాల్‌గారు ఆ లేఖ మీదనే, 'పెన్‌డ్రైవ్‌లో పెట్టి సన్మానసభలో జ్ఞాపికగా ఇద్దాం, గ్రంథపాలకుడు చూసుకోవాలి' అని రాశారు.

గ్రంథపాలకుడు చూసుకున్నాడు. తెర మీద 'పాత సైటు' అని ఉన్న గుర్తును పట్టుకుని పెన్‌డ్రైవ్‌లోకి లాగాడు. రెప్పపాటులో పని పూర్తయింది. ఇరవై రెండేళ్ళ సైటు అంత త్వరగా ఎలా దిగిందన్న అనుమానం ఆ బుర్రకు రానేలేదు. పైగా, సాంకేతిక ప్రగతి ఎంత ఘనమని మురిసిపోయాడు. 'ప్రతి తీయడమైనది, చెరిపివేయవచ్చు' అని సంతకం చేశాడు. మర్నాడు టెక్నీషియన్ వచ్చి డిస్కును తుడిచిపెట్టి, యంత్రాన్ని పాత సామాన్లవాడికి అప్పగించాడు.

సెలవు నుంచి తిరిగివచ్చిన మేడంగారికి అతడు, సభకు ముందే చూసి ఆనందిస్తారని, ఆ పెన్‌డ్రైవ్‌ను ల్యాబులోనే చూపాడు. వారు నల్లకళ్ళద్దాలు తీసి తెరకు దగ్గరగా వంగారు.

"బాణం చూశారా?" అన్నారు.

"ఏ బాణం మేడం?"

"ఈ మూలన. వంకర బాణం." వారి గొంతు పెరగలేదు. "మీరు ముందు వరసలోనే కూర్చున్నారు కదండీ ఆ రోజు."

అప్పుడు కనిపించింది బాణం. పెన్‌డ్రైవ్‌లోకి దిగింది ఇల్లు కాదు, అడ్రసు చీటీ. టెక్నీషియన్‌కు ఫోన్ చేశాడు, పాత సామాన్ల దుకాణానికి పరుగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. ప్రిన్సిపాల్‌గారికి విన్నవిస్తే, "పోనీలెండి, కొత్తది ఉందిగా" అని సెలవిచ్చారు.

ఒక్కటి మాత్రం మిగిలింది. ప్రతి బ్యాచ్ పేజీకీ చేత్తో రాయించిన శుద్ధప్రతులు, పేర్లతో సహా, ఇరవై రెండు రూళ్ళ పుస్తకాలు ల్యాబులో మేడంగారి ఇనుప బీరువాలో ఉన్నాయి. ఫొటోలు పోయినా అక్షరాలు పోలేదు. గ్రంథపాలకుడు ప్రాణం లేచివచ్చినట్టై, "ఇవ్వండి మేడం, లైబ్రరీలో భద్రంగా ఉంచుతాను" అన్నాడు.

"మీ భద్రం చూశానుగా" అన్నారు వారు. "వద్దండీ. నా పిల్లల పేర్లు నేనే టైపు చేసుకుంటాను."

"నేను చదువుతాను, మీరు కొట్టండి. కళ్ళకు శ్రమ..."

"వద్దన్నాను కదండీ."

మొన్న సాయంత్రం వారు ఆ పుస్తకాలను ఇంటికి తీసుకువెళ్ళారు. ఇరవై నాలుగేళ్ళు సర్క్యులరును శిరసావహించినవారు ఈసారి ఎవరి అనుమతీ కోరలేదు. గేటు పాసు అడగవలసిన వాచ్‌మన్ సగం బరువు తానే మోసి ఆటోలో పెట్టాడు. గ్రంథపాలకుడు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. మోయడానికి అతణ్ణి ఎవరూ పిలవలేదు.

సన్మానసభలో ఏడవ అంశం జ్ఞాపికా ప్రదానం. కార్యక్రమ పత్రం ముందే అచ్చయినందున ఆ పెన్‌డ్రైవ్‌నే మఖమలు పెట్టెలో పెట్టి బహూకరిస్తారు. అందులో ఏముందో తెలిసిన మీదట చప్పట్లు కొట్టాలో వద్దో సహోద్యోగులు తేల్చుకోగలరు. మేడంగారి కుటుంబసభ్యులకు ఈ వ్యాసకర్త సంచికాముఖంగా తలవంచి నమస్కరిస్తున్నాడు. క్షమాపణ కోరే ముఖం అతనికి లేదు.

మేడంగారి కళ్ళు త్వరగా తేటపడాలి. వారి వేళ్ళకు సత్తువ ఉండాలి, నడుముకు నొప్పి రాకూడదు. ఇరవై రెండు పుస్తకాలూ ముగిసేదాకానే కాక, ముగిశాక తీరుబడిగా కూర్చుని చదువుకునేందుకూ వారికి నిండు నూరేళ్ళ ఆరోగ్యమూ ఆయుష్షూ కలగాలి. వాచ్‌మన్ కూతురు మొదలు వెయ్యిన్ని నలభై ఒక్క మంది పేర్లూ మళ్ళీ పేజీ అడుగున వెలిసిన నాడు, ఆ పేజీ మీద మన కళాశాల పేరు ఎక్కడా ఉండకుండుగాక.