బుల్లి ఫ్యాను

కోడలి పని గది. ఆమె గీసిన ఇంటి ప్లానును రంగుల బొమ్మగా మారుస్తూ కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది. గుమ్మంలో మామగారు.

"మళ్ళీ పోయింది! ఏం చేశారు మావయ్యగారూ?"

"నేనా? నేనేం చేస్తానమ్మా, పేపరు చదువుకుంటున్నాను."

"పేపరు హాల్లో ఉంది. మీరు ఇక్కడున్నారు."

"ఫ్యాను అలా గోల పెడుతుంటేనూ, ఏమిటా అని..."

"గోల పెట్టదూ మరి! చెయ్యి పెట్టి చూడండి, పెనంలా ఉంది. వేగం ఎంతుందో ఇప్పుడే చూశాను. ఎవరో ఓవర్‌క్లాక్ చేశారు."

"అంటే?"

"అంటే ఏమిటో మీకు తెలియదు?"

"తెలియదని కాదు... ప్రాసెసర్‌ని దాని హద్దు దాటించి పరిగెత్తించడం. కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన బుల్లి ఫ్యాను కదా, అంత వేడికి చాలదు. ర్యామ్ కూడా అంతే. బోర్డు ఒప్పుకునేదానికన్నా పైకి పెడితే తప్పులు..."

"ఆహా! ఏమీ తెలియనివారు ర్యామ్ దాకా వెళ్ళారే!"

"బతుకంతా టీవీలు బాగుచేసినవాణ్ణి, ఆమాత్రం..."

"మాట మార్చకండి. నేను స్నానానికి వెళ్ళగానే ఈ కుర్చీలో కూర్చుంటున్నారా లేదా?"

"దుమ్ము తుడుద్దామని..."

"దుమ్ము తుడిచేవాళ్ళు మీటలు నొక్కుతారా?"

"ఏదో... ఒకసారి..."

"రోజూ! మీ అబ్బాయి చూశారు. మావయ్యగారు అలాంటివారు కాదని నేనే ఆయన మీద ఎగిరాను."

"వాడు చెప్పాడా? నేనని?"

"ఎవరు చెబితేనేం? సాయంత్రానికి ఈ బొమ్మ పంపకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్ళని చూసుకుంటామన్నారు. మొన్న పంపినదాంట్లోనేమో కిటికీల నిండా ఆకుపచ్చ చారలు! ఎంత సిగ్గుపడ్డానో మీకేం తెలుసు?"

"ఏడవకు తల్లీ. ఆపి మళ్ళీ వెలిగించు. ఆ సెట్టింగుల తెర తెరిస్తే చిటికెలో పని."

"మీకింక తెరుచుకోదు. పాస్‌వర్డ్ పెట్టించాను."

"తెలుసు. పొద్దున చూశాను."

"చూశారా! పొద్దున కూడా! ఇంకా పెంచుదామనా?"

"తగ్గిద్దామని."

"ఏమిటీ?"

"రోజూ తగ్గిస్తున్నాను. మర్నాటికి మళ్ళీ పెరిగి ఉంటోంది. ఇవాళ తెరుచుకోలేదు. కాలూ చెయ్యీ ఆడక ఇక్కడే తచ్చాడుతున్నాను."

"నా చెవిలో పువ్వు పెట్టకండి. దానంతటదే పెరుగుతుందా? ఇంట్లో ఉన్నదే ముగ్గురం. నేను కాదు, మీరు కాదంటున్నారు..."

"కాసిని మంచినీళ్ళు తాగుతావా అమ్మా?"

"నాకేం వద్దు. చెప్పండి."

"చెప్పడానికేముంది. ముందు ఆ పాస్‌వర్డ్ కొట్టు, నీ పని గట్టెక్కనీ."

"నాకు తెలియదు. ఆయనే పెట్టారు. 'నీకు చెబితే నాన్న అడగ్గానే ఇచ్చేస్తావు, నా దగ్గరే ఉండనీ' అన్నారు."

"అంతదాకా వచ్చాడా!"

"ఏమన్నారు?"

"ఏం లేదు."

"ఏం లేదంటే కాదు. మీ మొహం చూస్తే తెలుస్తోంది. ఆయనే పెంచారా?"

"ఆ కిటికీ తెరువమ్మా, గాలి ఆడనీ."

"ఆయనేనా?"

"నేను చెప్పానా?"

"చెప్పలేదు, కాదని కూడా అనలేదు. అయ్యో రామా! మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. నా పని త్వరగా తెమలాలని పెంచి ఉంటారు, పాపం. ఇప్పుడు ఉద్యోగం ఎందుకని మొదట్లో సతాయించిన మనిషే! నాకు చెప్పకుండా సాయం చెయ్యాలనుకున్నారన్నమాట. తెలియక చేశారు మావయ్యగారూ, కోప్పడకండి."

"నేనూ అలాగే అనుకున్నానమ్మా."

"అనుకున్నానంటే?"

"వదిలెయ్యి. వాడు నా కొడుకు."

"నేను మీకేమీ కానా?"

"అలా అనకు."

"అయితే చెప్పండి."

"ఒరేయ్, అమ్మాయి పని మొదలుపెడితే ఆ బుల్లి ఫ్యాను తట్టుకోలేదురా, మాడిపోతుందిరా అన్నాను. 'మాడిపోవాలనే నాన్నా' అన్నాడు."